ఆగుదామా, కొందామా?

2025 సెప్టెంబరులో మా మేనల్లుడు ఫోను చేసి, "మావయ్యా, ఇప్పుడే కంప్యూటరు కొనమంటావా, తరువాతి విండోసు వచ్చేదాకా ఆగమంటావా?" అని అడిగాడు. చాలా మామూలు ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. పూర్వం ఒకసారి ఇదే ప్రశ్నకు నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు తప్పని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

ముందు వాడి సంగతి. వాడి దగ్గర 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. అందులో ఇంటెల్ వారి ఏడవ తరం ప్రాసెసరు, విండోస్ 10. యంత్రానికి ఏ జబ్బూ లేదు. అయితే విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని మైక్రోసాఫ్టు ప్రకటించి ఉంది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 ఆ యంత్రాన్ని గడప తొక్కనివ్వదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం నుండి మాత్రమే ఒప్పుకుంటుంది. ఒక్క తరం తేడాతో మా వాడి యంత్రం వెలి అయింది. పైగా విండోస్ 12 అనేది ఒకటి రాబోతోందని ఎవరో చెవిన వేశారు. అది కృత్రిమ మేధ కోసం ప్రత్యేకమైన చిప్పు అడుగుతుందట. "ఇప్పుడు కొంటే అదీ వెలి అవుతుందేమో" అని వాడి బెంగ. వాడు చేస్తున్న పనేమిటంటే బుర్రకథ మీద పరిశోధన. వయసు మళ్ళిన కథకుల దగ్గరకు వెళ్ళి పాడించి, రికార్డు చేసుకొని, ఇంటికొచ్చి వాటిని విడగొట్టి రాసుకుంటాడు. దీన్ని మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

2006 సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా నాన్నగారు నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, నాకో కంప్యూటరు కొనిపెట్టగలవా? డబ్బు నేనే ఇస్తాను" అన్నారు. ఆయన బడిపంతులుగా పనిచేసి విరమించారు. కృష్ణా డెల్టాలో మా చుట్టుపక్కల సేద్యపు మాటలను చాలా ఏళ్ళుగా నాలుగు నోటు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. మేడి, నొగ, కర్రు, గుంటక, గొర్రు, సాలు, కొండ్ర, పురి, గాదె, ఇలాంటివి. ట్రాక్టరు వచ్చాక నాగలితోపాటు నాగలి భాగాల పేర్లూ పోతున్నాయని ఆయన దిగులు. వాటిని శుభ్రంగా తెలుగులో టైపు చేసి, అకారాదిగా పేర్చి, నలుగురికీ అందేలా చేయాలని కోరిక. మనవాళ్ళు అంతర్జాలంలో తెలుగు రాస్తున్నారని నేనే ఆయనకు గొప్పగా చెప్పి ఉన్నాను. తప్పించుకోవడానికి వీల్లేదు.

(కంప్యూటరును కలనయంత్రమనాలా, గణకయంత్రమనాలా అని మనం కీబోర్డులు అరిగేలా వాదించుకున్న కాలమది. నాన్నగారు నా ముందు రెండు మాటలూ అనిచూసి, "కంప్యూటరే బాగుందిరా, ఊళ్ళో అందరూ అదే అంటున్నారుగా" అన్నారు. సేద్యగాళ్ళ నోటి మాటలు ఏరుకున్న మనిషి కదా.)

హైదరాబాదు వచ్చాక సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాను. ఒక దుకాణంలో కుర్రవాడు బేరం మొదలుపెట్టకముందే, "ఎవరి కోసం సార్?" అని అడిగాడు. తెలుగు టైపు చేసుకోవడానికని చెప్పాను. "దానికేముంది, ఎక్స్‌పీ సీడీ పెట్టి ఒక్క టిక్కు కొడితే తెలుగు వచ్చేస్తుంది" అన్నాడు. మహానుభావుడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను వినలేదు. నాకు వాడికంటే ఎక్కువ తెలుసు మరి!

నాకు తెలిసినదేమిటో కూడా చెప్పాలి. 2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉంది, ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఉంది. కానీ తెరిచీ తెరవగానే తెలుగు సరిగ్గా కనబడదు. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ, భాషా ఎంపికల్లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళు స్థాపించమని టిక్కు పెట్టి, అది అడిగినప్పుడు విండోసు సీడీ ఇచ్చి, యంత్రాన్ని మూసి తెరవాలి. అప్పటిదాకా కనిపించేవి డబ్బాలు, లేదా విడివిడిగా చెల్లాచెదరైన గుణింతాలు. "నాకు డబ్బాలే కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?" అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో మనమందరం ఎన్నిసార్లు జవాబు రాశామో లెక్కలేదు. రాబోయే విస్టాలో ఈ తతంగమేమీ ఉండదని, పెట్టె తెరిచిన రోజే తెలుగు అచ్చంగా కనబడుతుందని చదివాను. అది నిజమే అయింది కూడా. మరి నాన్నగారి వంటి మనిషికి అదే కదా కావలసింది? "మరొక్క ఏడాది ఆగితే మంచిది వస్తుంది నాన్నగారూ, ఇప్పుడు కొంటే పాతదైపోతుంది" అన్నాను. ఆయన, "నీకు తెలుస్తుందిలే" అన్నారు.

విస్టా చరిత్ర అప్పటికే నన్ను హెచ్చరించి ఉండవలసింది. లాంగ్‌హార్న్ అనే సంకేతనామంతో మొదలైన ఆ వ్యవస్థ తొలుత ఒక చిన్న మెట్టు మాత్రమే, 2003 చివరకల్లా రావలసినది. రాలేదు. 2004 ఆగస్టులో అప్పటిదాకా రాసినదాంట్లో చాలా భాగం పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఎంతో ఊరించిన విన్‌ఎఫ్‌ఎస్ అనే దస్త్రాల పద్ధతిని అందులోనుంచి తీసేశారు. 2005 జులైలో విస్టా అని నామకరణం చేశారు. 2006 ఆఖరులో ఇళ్ళకు వస్తుందన్నారు. 2006 మార్చి 21న, కాదు, 2007 జనవరిలో అన్నారు. ఈ వాయిదా వార్త చదివిన రోజున అయినా నేను వెళ్ళి ఎక్స్‌పీ యంత్రం కొని ఉండవలసింది. "ఇంతదాకా ఆగినవాళ్ళం, ఇంకో పది నెలలు ఆగలేమా" అనుకున్నాను. ఆగడంలో ఉన్న గమ్మత్తే అది. ఇప్పటికే ఆగిన కాలం వృథా కాకూడదని ఇంకొంత కాలం ఆగుతాం. బస్టాండులో అరగంట నిలబడిన మనిషి ఆటో ఎక్కడు, చూశారా, అలా.

ఇలా ఎదురుచూసే నావంటి వారి వల్ల అమ్మకాలు పడిపోతాయని మైక్రోసాఫ్టుకూ, యంత్రాలు తయారుచేసేవారికీ బాగా తెలుసు. అందుకే 2006లో కొత్త కంప్యూటర్ల మీద 'విస్టా కేపబుల్' అని ఒక చీటీ అంటించారు. అనగా, ఇప్పుడు ఎక్స్‌పీతో కొన్నా రేపు విస్టా నడుస్తుందని భరోసా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 800 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 512 మెగాబైట్ల మెమొరీ ఉంటే ఆ చీటీ ఇచ్చేశారు. కానీ విస్టా పేరు చెప్పగానే అందరి కళ్ళముందూ మెదిలిన ఆ గాజు కిటికీల సొగసు అటువంటి యంత్రాల్లో చాలావాటి మీద కనబడదు. దానికి వేరే చీటీ, 'ప్రీమియం రెడీ' అని, ఒక గిగాబైటు మెమొరీ, మెరుగైన గ్రాఫిక్సు. రెండు చీటీల మధ్య తేడా దుకాణంలో నిలబడిన మనిషికి ఎలా తెలుస్తుంది?

ఇది 2007లో అమెరికాలోని సియాటిల్ నగరంలో కోర్టుకెక్కింది. 2008లో ఆ వ్యాజ్యం మూలంగా మైక్రోసాఫ్టు లోపలి ఉత్తరాలు బయటపడ్డాయి. ఇంటెల్ 915 అనే చిప్‌సెట్టు కొత్త గ్రాఫిక్సు పద్ధతికి సరిపోకపోయినా, దానికి కూడా చీటీ దక్కేలా నియమాలను సడలించారని, అది ఇంటెల్ ఆ త్రైమాసికపు లెక్కలకు సాయపడటానికేనని ఒక అధికారి తన ఉత్తరంలో రాసుకున్నాడు. మరొక ఉన్నతాధికారి తాను స్వయంగా 2,100 డాలర్లు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ చివరికి ఈమెయిలు చూసుకునే యంత్రంగా మిగిలిందని వాపోయాడు. 2009 ఫిబ్రవరిలో ఆ దావాకు సామూహిక దావా హోదా తీసివేశారు. న్యాయం సంగతి ఎలా ఉన్నా, ఆ ఉత్తరాలు మాత్రం అందరూ చదివారు. వాటిని చదివి, చూశావా ఆగి మంచి పని చేశాను అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఎంత వింత! ఆ చీటీ నమ్మి విస్టా కోసమే కొన్నవారు నష్టపోయారు, నిజమే. ఎక్స్‌పీ కోసమే ఎక్స్‌పీ యంత్రం కొన్నవారికి ఏం జరిగింది? వారికి 2014 ఏప్రిల్ 8 దాకా మద్దతు దొరికింది. 2006 సంక్రాంతికి కొని ఉంటే ఎనిమిదేళ్ళు. ఏ కంప్యూటరుకైనా అది నిండు ఆయుష్షు.

కొనేవాడి వైపు నుంచి చెప్పాను. అమ్మేవాడి వైపు నుంచి ఒక పాత కథ ఉంది, మనకు కొంచెం దగ్గరిది కూడా. ఆడం ఆస్‌బోర్న్ పేరు కొందరు విని ఉంటారు. చలం 1950లో అరుణాచలం చేరి అక్కడే ఉండిపోయారు గదా, అదే తిరువణ్ణామలైలో ఈ ఆస్‌బోర్న్ బాల్యం గడిచింది. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, ఆయన మీద పుస్తకాలు రాసినవాడు. ఆశ్రమపు గాలిలో పెరిగిన ఆ పిల్లవాడు తరువాత ఇంగ్లండు, అక్కడినుండి అమెరికా చేరి, 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరును అమ్మాడు. కుట్టుమిషను పెట్టెలా మూసి చేత్తో పట్టుకుపోవచ్చు. చేత్తో అన్నానే గాని బరువు పదకొండు కిలోలు, తెర అయిదు అంగుళాలు. ధర 1,795 డాలర్లు, రాతకోతల సాఫ్టువేరు కలిపి. విపరీతంగా అమ్ముడుపోయింది. 1983 మొదట్లో ఇంతకంటే మంచి యంత్రం వస్తోందని ఆయనే చాటించాడు. ఇంకేముంది, మబ్బు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టయింది. కొనేవాళ్ళు ఆగిపోయారు, పాత సరుకు కదలలేదు, 1983 సెప్టెంబరులో సంస్థ దివాలా తీసింది. వ్యాపారులు నేటికీ దీన్ని 'ఆస్‌బోర్న్ ప్రభావం' అంటారు. అసలు కారణం అది కాదు, కేప్రో వంటి పోటీదారులూ ఐబీఎం పీసీ అలవాటూ దెబ్బతీశాయని వాదించేవారూ ఉన్నారు. వారి వాదనలో బలముందనే నాకూ అనిపిస్తుంది, కానీ ఆ పేరు మాత్రం పోలేదు. ఆయన చివరి రోజులు మళ్ళీ మన దక్షిణాదిలోనే గడిచాయి. 2003 మార్చిలో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఆగడం ఎప్పుడూ తెలివితక్కువే అని నేననను. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లను పవర్‌పీసీ చిప్పుల నుండి ఇంటెల్ చిప్పులకు మారుస్తానని ప్రకటించింది. ఆ ఏడాది చివర పవర్‌పీసీ యంత్రం కొన్నవారిని 2009 ఆగస్టులో వచ్చిన స్నో లెపర్డ్ వదిలేసింది. నాలుగేళ్ళు తిరగలేదు. 2020 జూన్‌లో ఇంటెల్‌ను విడిచి సొంత చిప్పులకు వెళతామని అదే సంస్థ మళ్ళీ అంది. ఇక్కడ మారేది యంత్రపు గుండెకాయ. అటువంటి చోట ఆరు నెలలు ఓపిక పట్టిన మనిషిని తప్పు పట్టలేను. అయితే అవి రెండూ తేదీలతో, సంస్థ నోటితో వచ్చిన ప్రకటనలు. మా వాడు విన్నది వట్టి పుకారు. "ఆగితే ధరలు తగ్గుతాయి" అనేది కూడా ప్రతిసారీ నిజం కాదు. 2025 చివర్లో మెమొరీ ధరలు తగ్గకపోగా పెరిగాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. దుకాణంలో ఉన్న యంత్రాన్ని ఈ రోజు అందులో ఉన్న వ్యవస్థతో తూచాలి. నీ పని ఈ రోజు అది చేయగలిగితే కొను. రేపు వచ్చేదేదో వచ్చాకే చేయగలుగుతుందని ఎవరైనా అంటే, చీటీ అంటించి ఇచ్చినా సరే, ముట్టుకోకు. పని ఆగి ఉంటే మాత్రం రోజులు లెక్కపెట్టుకో. ఈ మూడో మాట 2006లో నాకు తట్టలేదు. నా లెక్కలో ధర ఉంది, మెమొరీ ఉంది, ఖతి ఉంది. నాన్నగారి వయసు లేదు.

2007 జనవరి 30న విస్టా ఇళ్ళకు వచ్చింది. బరువుగా ఉందనీ, పాత ప్రింటర్లూ స్కానర్లూ పలకడంలేదనీ విమర్శలు వచ్చాయి. "మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చేదాకా ఆగుదాం నాన్నగారూ" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. ఆయన ఈసారి ఏమీ అనలేదు. వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు కాఫీ గ్లాసు పట్టుకున్న ఆయన కుడిచెయ్యి వణుకుతూ ఉండడం చూశాను. అమ్మ, "సంక్రాంతి నుంచీ అంతే" అంది. అయినా నాకు ఆ చేతికీ కీబోర్డుకూ సంబంధం వెంటనే స్ఫురించలేదు. 2007 దసరాకు కొన్నాను. ఏం కొన్నాను? ఎక్స్‌పీ! విస్టా వద్దనుకొని, 21 నెలలు ఎదురుచూసి, మొదటి రోజు దుకాణంలో ఉన్నదే ఇంటికి తెచ్చాను. సీడీ పెట్టి, టిక్కు కొట్టి, తెలుగు తెప్పించడానికి పావుగంట పట్టింది.

నాన్నగారు ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్నారు. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయని చెబితే, "ఎవడో బుద్ధిమంతుడు పేర్చాడు" అని సంతోషించారు. కానీ హల్లులున్నది వణికే చేతి వైపు. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. చెరిపి మళ్ళీ కొట్టేవారు. పూటకు నాలుగైదు మాటలు. మొదటి పుస్తకం పూర్తిచేసి, రెండవదానిలో కొన్ని పేజీలు చేశారు. ఆ తరువాత నోటితో చెబుతానన్నారు, నేను సెలవులకు వచ్చినప్పుడు రాసుకుంటానన్నాను. నా సెలవులు ఎన్నో మీకు తెలియనివి కావు.

మిగిలిన పుస్తకాలు ఆయన పోయాక నేనే టైపు చేశాను. అప్పుడు తెలిసింది, ఆ పుస్తకాలు ఆయనకు గుర్తులు మాత్రమే. మొదటి పుస్తకంలో పురి అన్న మాట పక్కన ఒక్క ముక్కే ఉంది, 'ధాన్యం దాచేది' అని. ఆయన టైపు చేసినదాంట్లో అదే మాటకు ముప్పావు పేజీ ఉంది. గడ్డిని వెంటిగా ఎలా పేనేవారో, కింద ఏం పరిచేవారో, వాన వస్తే ఏం చేసేవారో, మా తాతగారి పురిలో ఎన్ని బస్తాలు పట్టేవో, అన్నీ టైపు చేస్తూండగా ఆయనకు జ్ఞాపకం వచ్చాయి. మూడవ, నాలుగవ పుస్తకాల్లో చాలా మాటల పక్కన 'వివరం తరువాత' అని ఉంది. కొన్నింటి పక్కన అది కూడా లేదు, మాట ఉంది, గీత ఉంది.

ఇదంతా మా మేనల్లుడికి చెప్పలేదు. "నువ్వు రికార్డు చేయవలసిన కథకులు ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని అడిగాను. ఆరుగురు అన్నాడు. అందరిలోకీ పెద్దాయనకు ఎన్నేళ్ళు అన్నాను. ఎనభై ఏడు అన్నాడు. ఇప్పుడున్న ల్యాప్‌టాప్‌తో పని నడవడంలేదా అంటే, నడుస్తోంది గాని గంట రికార్డింగు తెరిస్తే మొరాయిస్తోందన్నాడు. అయితే ఈ శనివారమే కొనమన్నాను. విండోస్ 11 ఉన్నది, పదహారు గిగాబైట్ల మెమొరీ, రికార్డింగులు పట్టేంత డిస్కు, కృత్రిమ మేధ చిప్పు ఉంటే ఉండనీ, లేకపోతే మానె. పాతదాన్ని పారేయవద్దన్నాను. మైక్రోసాఫ్టు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తానన్న అదనపు భద్రతా సవరణలకు పేరు నమోదు చేసుకోవచ్చు, లేదా లినక్సు ఎక్కించి మా చెల్లెలికి ఇవ్వవచ్చు. వాడు రెండోదే చేశాడు. లినక్సులో తెలుగు కోసం సీడీ అడగలేదని మా చెల్లెలు ఆశ్చర్యపోలేదు. అడిగే రోజులొకటి ఉండేవని ఆమెకు తెలియదు.

కొత్త యంత్రంతో వాడు ఆ పెద్దాయన ఊరికి వెళ్ళివచ్చాడు. వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి తాతగారి నాలుగవ నోటు పుస్తకం ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. ఆయన కథలు చెప్పకముందు పాతికేళ్ళు సేద్యం చేశాడట. గీతలున్న మాటల్లో పదకొండింటికి అర్థాలు చెప్పాడు. ఇంకా నూట నలభై పైచిలుకు ఉన్నాయి. మీ ఇళ్ళలో డెల్టా వ్యవసాయం ఎరిగిన పెద్దలెవరైనా ఉంటే చెప్పండి, జాబితా పంపుతాను.